పంచాయతీ పర్మిషన్ ఫ్లాటు, అమెరికా ఓనరు, ఐదు లక్షల బయానా

ప్రశ్న: మాది కరీంనగర్. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నేనూ నా భార్యా కలిసి 18 లక్షలు కూడబెట్టాం. మేం ఉండటానికి కాదు, అద్దెకివ్వడానికి ఒక ఫ్లాటు కొందామనుకుంటున్నాం. ప్రగతినగర్‌లో పాత ఫ్లాటు ఒకటి చూశాం. డబుల్ బెడ్‌రూమ్, 1,100 ఎస్‌ఎఫ్‌టీ, ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు. 2014లో కట్టారట, పర్మిషన్ గ్రామ పంచాయతీదట. ధర 60 లక్షలు. ఓనరు అమెరికాలో ఉంటాడు, ఆయన తమ్ముడు జీపీఏ (ఓనరు తరఫున పని చేసేందుకు ఇచ్చే అధికార పత్రం) మీద రిజిస్ట్రేషన్ చేయిస్తానంటున్నాడు. ఫ్లాటు మీద ఆయన బ్యాంకు లోను ఇంకా నడుస్తోంది. లోపల ఒక కుటుంబం నెలకు 18,000 అద్దెకు ఉంది. ‘అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది, ఈ వారంలో 5 లక్షలు బయానా ఇవ్వకపోతే వేరేవాళ్లు పట్టుకుపోతారు’ అని బ్రోకరు తొందరపెడుతున్నాడు. ఇవ్వొచ్చా? కిరాయిదారుతో ఏం రాయించుకోవాలి?

సమాధానం: ఈ వారం 5 లక్షలు ఇవ్వకండి. వేరేవాళ్లు పట్టుకుపోతే పోనివ్వండి. మీరు రాసిన వివరాల్లోనే ఆగి చూడాల్సినవి నాలుగున్నాయి. వాటిలో మొదటిది తేడా అయితే, ధర ఎంత తగ్గించినా ఆ ఫ్లాటు మీకు పనికిరాదు.

ఆ మొదటిది పర్మిషన్. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిసి 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయ్యేదాకా అవన్నీ పంచాయతీలే. పంచాయతీకి మామూలుగా గ్రౌండ్ మీద రెండంతస్తుల చిన్న కట్టడం వరకే అధికారం ఉండేది. అంతకు మించితే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ప్లాను కావాలి. కాబట్టి ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు ‘పంచాయతీ పర్మిషన్ ఉంది’ అని చెబుతున్నారంటే, హెచ్‌ఎండీఏ ముద్రపడిన ప్లాను కళ్లతో చూసేదాకా, మీ నాలుగో అంతస్తుకు పర్మిషన్ లేదనే అనుకోండి. 2015లో ప్రభుత్వం తెచ్చిన బీఆర్‌ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) కింద క్రమబద్ధీకరణకు అప్లై చేశామని ఒక రసీదు చూపించవచ్చు. ఆ పథకం కోర్టు కేసుల్లో చిక్కుకుంది. ఫీజు కట్టిన రసీదు అనుమతి పత్రం కాదు.

‘ఇదివరకే బ్యాంకు లోను ఇచ్చింది కదా, అంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే’ అన్న మాట కూడా వినిపిస్తుంది. పదేళ్ల కింద ఒక బ్యాంకు ఇచ్చిందన్నది ఈరోజు మీ బ్యాంకు ఇస్తుందనడానికి సాక్ష్యం కాదు. రిజిస్ట్రేషన్ అయిందన్నదీ అంతే. ఫ్లాటు ఒకరి చేతి నుంచి ఇంకొకరికి మారిందని సబ్ రిజిస్ట్రార్ నమోదు చేస్తాడు తప్ప, గోడలు ప్లాను ప్రకారం ఉన్నాయని హామీ ఇవ్వడు.

ప్లాను నకలు దొరికితే అంతస్తులు ఎన్ని, ఒక్కో అంతస్తుకు ఫ్లాట్లు ఎన్ని, మీ ఫ్లాటు నంబరు అందులో ఉందా అన్నవి లెక్కపెట్టండి. అంతస్తుకు మూడు ఫ్లాట్లని ప్లాను తీసుకుని నాలుగు కట్టినవీ ఉన్నాయి. తర్వాత ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారం కట్టారు, ఉండొచ్చు అని అధికారులిచ్చే పత్రం) అడగండి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం పర్మిషన్ తీసుకునేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని బిల్డర్ ఆ అథారిటీకి తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. సర్టిఫికెట్ తీసుకోకుండా వదిలేసిన అపార్ట్‌మెంట్లలో ఆ 10 శాతం ఫ్లాట్లు ఇంకా తనఖాలోనే ఉంటాయి, వాటిని కూడా అమ్మేశారు. మీ ఫ్లాటు ఆ జాబితాలో ఉందేమో తనఖా డాక్యుమెంటు తీయించి చూడండి. ప్రగతినగర్ కాబట్టి అంబీర్ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టడాలు కూడని జాగా) హద్దులు కూడా హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో చూసుకోవాలి. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్. 2024లో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ గీతలకు ఎంత విలువుందో అందరికీ తెలిసింది.

ఇక డబ్బు. అద్దెతో ఈఎంఐ వెళ్లిపోతుందన్న మాట కాగితం మీద పెట్టి చూద్దాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణమైతే బ్యాంకు విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు. అంటే 60 లక్షల మీద ఎక్కువలో ఎక్కువ 48 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపరు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. మీ వాటా 12 లక్షలు, రిజిస్ట్రేషన్ 4.5, పదేళ్లు దాటిన ఫ్లాటుకు రంగులు, బాత్రూం లీకేజీలు, వైరింగు కలిపి కనీసం లక్ష, లాయరు, బ్యాంకు ఫీజులు పాతిక వేలు. 17.75 లక్షలయ్యాయి. మీ 18 లక్షల్లో మిగిలేది పాతిక వేలు. బ్రోకరు కమీషన్ ఇంకా ఇందులో లేదు.

పైగా బ్యాంకు 80 శాతం లెక్కేసేది మీరు చెప్పిన ధర మీద కాదు, అగ్రిమెంటు ధర, వాల్యుయేషన్ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీద. వాల్యుయేటరు 55 లక్షలని రాస్తే లోను 44 లక్షలే. ఆ తేడా 4 లక్షలు మీ దగ్గర లేవు, బయానా మాత్రం అప్పటికే అవతలివాళ్ల చేతిలో ఉంటుంది. బయానాలు ఎక్కువగా మునిగేది ఇక్కడే.

48 లక్షలు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు: ఈఎంఐ దాదాపు 40,150. అందులో మొదటి నెల వడ్డీయే 32,000. ఇప్పుడు అద్దె. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతుందని వేసుకుంటే 18,000 చొప్పున 11 నెలలకు 1,98,000. ఆస్తిపన్ను 4,000, కొత్త కిరాయిదారును తెచ్చినందుకు బ్రోకరుకు సగం నెల అద్దె 9,000, మోటారు, గీజరు, ట్యాపులు, సీపేజీ లాంటి రిపేర్లకు 15,000 తీసేయండి. చేతికి మిగిలేది 1,70,000. పెట్టిన 65.75 లక్షల మీద అది 2.6 శాతం. నెలకు చూస్తే 14,000 వస్తుంది, 40,150 పోతుంది. ఏళ్ల తరబడి నెలనెలా 26,000 మీ జీతంలోంచి వేయాలి. అద్దె ఈఎంఐని కాదు కదా, వడ్డీలో సగాన్ని కూడా మోయడం లేదు.

పన్నులో కలిసొస్తుందని ఎవరైనా అంటే మీరు ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నారో, కొత్త విధానంలో ఉన్నారో చూసుకోండి. అద్దెలోంచి మున్సిపల్ పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం ఖర్చుల కింద మినహాయిస్తారు, ఆపైన లోను వడ్డీ. మీకు మొదటి ఏడాది వడ్డీ 3.8 లక్షలు, మినహాయింపు పోను అద్దె 1.36 లక్షలు. అంటే 2.4 లక్షలకు పైగా నష్టం. పాత విధానంలో అందులో 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో జీతంతో సర్దుబాటు అసలు లేదు. ఈరోజుల్లో చాలామంది ఉద్యోగులు కొత్త విధానంలోనే ఉన్నారు, బ్రోకర్ల లెక్కలు మాత్రం పాత విధానం దగ్గరే ఆగిపోయాయి.

అంటే ఇలాంటి ఫ్లాటు కొనడంలో అర్థమున్నది రేటు పెరుగుతుందన్న నమ్మకం ఉన్నప్పుడే. పాత అపార్ట్‌మెంటులో ఇటుకా సిమెంటూ ఏటా తరుగుతాయి, పెరిగేది కింద భూమి. మీ డాక్యుమెంటులో అవిభాజ్య వాటా, అంటే స్థలంలో మీ ఫ్లాటుకు వచ్చే పాలు, ఎన్ని గజాలో చూడండి. ఒకే 1,100 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటుకు ఒకచోట 45 గజాలు, ఇంకోచోట 28 గజాలు రావచ్చు. ఆ వీధిలో గజం రేటుతో హెచ్చవేస్తే మీరిచ్చే 60 లక్షల్లో భూమి ఎంతో, పాత గోడలు ఎంతో తెలుస్తుంది. అన్ని ఫ్లాట్ల వాటాలూ కలిపితే స్థలం మొత్తానికి సరిపోవాలి. పర్మిషన్ లేని పై అంతస్తుల్లో ఈ లెక్క తరచుగా తప్పుతుంది.

నా సలహా అడిగితే, 18 లక్షలున్నవాళ్లు 60 లక్షల ఫ్లాటు దగ్గర కాదు, 45 లక్షల దగ్గర వెతకాలి. ఆరు నెలల ఈఎంఐ పక్కన ఉండాలి. ఆ నిల్వ లేకుండా కొన్నవాళ్లు మొదటిసారి ఇల్లు ఖాళీ అవగానే దొరికినవాళ్లకి దొరికిన అద్దెకు ఇచ్చేస్తారు, తర్వాత ఖాళీ చేయించలేక అవస్థపడతారు.

ఒకవేళ హెచ్‌ఎండీఏ ప్లాను బయటపడి, ధర దిగొచ్చి, మీరు ముందుకెళ్లాలనుకుంటే అమెరికా ఓనరు సంగతి చూడాలి. ఇక్కడుండే ఓనరు దగ్గర 50 లక్షలు, ఆ పైన పెట్టి కొంటే 1 శాతం టీడీఎస్ (ఓనరుకిచ్చే డబ్బులోంచి ముందే కోసే పన్ను) కోసి ప్రభుత్వానికి కడితే సరిపోతుంది. ఎన్నారై అయితే ఆ 1 శాతం వర్తించదు, 50 లక్షల పరిమితీ వర్తించదు. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఆస్తికి పన్ను 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు. అమ్మేవాడు ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, లాభం మీద కాదు, మొత్తం అమ్మకం ధర మీదే కోయాలి. 60 లక్షలకు అది 14.3 శాతం దాకా, అంటే దాదాపు 8.58 లక్షలు. మీరు పొరపాటున 1 శాతమే కోస్తే మిగతా పన్ను, వడ్డీతో సహా, శాఖ అడిగేది మిమ్మల్నే, ఆయన్ని కాదు. బయానా మీద కూడా కోత పడుతుంది. అందుకే మొదటి రూపాయి ఇవ్వకముందే ‘సర్టిఫికెట్ తెస్తారా, పూర్తిగా కోయమంటారా’ అని రాతపూర్వకంగా తేల్చుకోండి. కట్టడం, రిటర్ను వేయడం సీఏకి అప్పగించండి, ఈ పని డాక్యుమెంట్ రైటర్లది కాదు.

డబ్బు ఓనరు పేరున ఉన్న ఎన్‌ఆర్‌వో ఖాతాకే (ఎన్నారైలకు ఇండియాలో ఉండే రూపాయల ఖాతా) వెళ్లాలి. ‘మా ఖాతాలో వేయండి, అన్నయ్యకు మేం పంపుకుంటాం’ అని తమ్ముడు అంటే ఒప్పుకోకండి. జీపీఏ అమెరికాలో రాసిందైతే అక్కడి భారత కాన్సులేటు ధ్రువీకరణగానీ, నోటరీ మీద అపోస్టిల్‌ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) గానీ ఉండాలి. ఇండియాకు వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వ్యాలిడేట్ చేయించాలి. ఫలానా ఫ్లాటు అమ్మే అధికారం, సేల్ డీడ్ రిజిస్టర్ చేసే అధికారం అందులో స్పష్టంగా రాసుండాలి. జీపీఏ ఇచ్చినవాడు చనిపోతే అది అక్కడితో చెల్లదు, రద్దు చేసినా అంతే. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం ఓనరుతో వీడియో కాల్‌లో మాట్లాడండి. ఇంకో మాట: జీపీఏ హోల్డరు మీకు రిజిస్టర్డ్ సేల్ డీడ్ రాసిస్తాడు, అది సక్రమం. మీకే ఒక జీపీఏ రాసిస్తాను, దాంతో సరిపెట్టుకోండి అంటే మాత్రం లేచి వచ్చేయండి. అది యాజమాన్యం కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

ఆయన లోను మిగులు ఎంతుందో బ్యాంకు ఇచ్చే ఫోర్‌క్లోజర్ లెటర్‌లో ఉంటుంది. మీరు కూడా లోను తీసుకుంటున్నారు కాబట్టి మీ బ్యాంకు చెక్కు నేరుగా ఆయన లోను ఖాతాకు వెళ్లేలా, మిగిలింది ఎన్‌ఆర్‌వోకు వెళ్లేలా అగ్రిమెంటులోనే రాయించండి. లోను తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 చొప్పున పరిహారం కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. తనఖా ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కనిపిస్తుంటే దాని రద్దు కూడా రిజిస్టర్ కావాలి, లేకపోతే రేపు మీరు అమ్మబోయినప్పుడు ఆ గీత అక్కడే ఉంటుంది.

ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. ఫ్లాటు మీదే కాక సర్వే నంబరు పేరున భూమి మీద కూడా తీయించండి. అయితే ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. కోర్టు కేసులు, నోటరీ అగ్రిమెంట్లు, కట్టని పన్నులు అందులో రావు. బ్యాంకు తనఖాల కోసం, వాటిని నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్‌సాయ్‌లో విడిగా వెతకాలి. నిషేధిత జాబితా 22-ఏలో ఆ సర్వే నంబరు ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే చూడొచ్చు. స్థలం ఓనరుకూ బిల్డరుకూ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, ఎవరికి ఏ ఫ్లాటో పంచుకున్న సప్లిమెంటరీ డీడ్ తప్పక చదవండి. స్థలం ఓనరు వాటాలోని ఫ్లాటును బిల్డరు అమ్మిన గొడవలు చాలానే ఉన్నాయి. ఇవన్నీ మీరే చూసినా, ఒక లాయరుతో లీగల్ ఒపీనియన్ రాయించుకోండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు భద్రత కోసం.

బయానా ఇవ్వాల్సి వస్తే లక్షకు మించకండి, అదీ బ్యాంకు ద్వారానే. లీగల్ ఒపీనియన్ అనుకూలంగా రాకపోయినా, 80 శాతం లోను మంజూరు కాకపోయినా 15 రోజుల్లో పూర్తిగా తిరిగివ్వాలని అగ్రిమెంటులో ఒక వాక్యం ఉండాలి. ఆ వాక్యానికి ఒప్పుకోని ఓనరు మీకు కావాల్సిన సమాచారం ఇచ్చేసినట్టే. కొంత నగదుగా ఇవ్వమంటే కుదరదనండి. ఆస్తి లావాదేవీలో 20,000, ఆ పైన నగదు తీసుకున్నవాడికి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది. ఆ నగదు మీ కొనుగోలు ధరలో కనిపించదు కాబట్టి రేపు మీరు అమ్మినప్పుడు దాని మీద కూడా లాభం పన్ను కడతారు.

ఫ్లాటు చూడటానికి ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, భారీ వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లండి. ఎండాకాలంలో బోరు ఎండి ట్యాంకర్లు తెప్పిస్తుంటే వాచ్‌మన్‌ను అడిగితే చెబుతాడు, రోజుకు 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎన్నో కూడా. ఆ ఖర్చంతా మెయింటెనెన్స్‌లోకి వస్తుంది, మెయింటెనెన్స్ పెరిగితే కిరాయిదారు అద్దె తగ్గించమంటాడు. వానాకాలంలో పైఫ్లాటు బాత్రూం కింద సీలింగు, కిటికీల చుట్టూ గోడ తడి చూడండి. టేపు పట్టుకెళ్లి గదుల లోపలి కొలత తీయండి. 1,100 అన్నది కామన్ ఏరియా కలిపిన లెక్క, కిరాయిదారు వాడుకునేది అంతకన్నా బాగా తక్కువ. అసోసియేషన్ నుంచి బకాయిలు లేవని లెటరు, కరెంటు సర్వీసు నంబరు మీద, ఆస్తిపన్ను నంబరు మీద బాకీల వివరం తీసుకోండి. రిజిస్ట్రేషన్ తర్వాత ఆస్తిపన్ను, కరెంటు, నీళ్ల కనెక్షన్ మూడూ మీ పేరుకు మార్పించుకోవాలి. చాలామంది మొదటిది చేసి మిగతా రెండూ మరిచిపోతారు.

ఇప్పుడున్న కిరాయిదారు పాత ఓనరుకు ఇచ్చిన అడ్వాన్సు, హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలలది, మీరే తిరిగివ్వాల్సి వస్తుంది. ఆ మొత్తాన్ని ఫ్లాటు ధరలోంచి తగ్గించండి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఎప్పటిదాకా చెల్లించాడు అన్నవి ఆయన సంతకంతో ఒక కాగితం మీద తీసుకోండి. రిజిస్ట్రేషన్ అయిన నెల నుంచి మీతో కొత్త అగ్రిమెంటు.

అందరూ 11 నెలలకు రాసుకునేది, ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకుని. తెలంగాణలో గడువు ఎంతైనా లీజును రిజిస్టర్ చేయించాల్సిందే. వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించినది రిజిస్టర్డ్ పత్రం కాదు, స్టాంపు డ్యూటీ చాలకపోవడం కూడా కోర్టులో అడ్డం రావచ్చు. అందుకే అగ్రిమెంటు ఎలా ఉన్నా, అద్దె ప్రతినెలా బ్యాంకు ద్వారా వస్తుంటే అది గట్టి సాక్ష్యం. అగ్రిమెంటులో ఇవి ఉండేలా చూడండి: అద్దె తేదీ, ఏటా పెంపు 5 శాతమో ఎంతో, ఎవరైనా ఖాళీ చేయాలంటే నెల ముందు నోటీసు, మెయింటెనెన్స్ ఎవరిది, ఎంతమంది ఉంటారు, సబ్‌లీజుకు ఇవ్వకూడదు, వెళ్లేటప్పుడు రంగులకు ఎంత కోస్తారు. రంగుల దగ్గరే ఎక్కువ గొడవలవుతాయి. ‘ఒక నెల అద్దె’ అని గాల్లో అనుకోకుండా, ఏడాది లోపు వెళ్తే ఎంత, రెండేళ్లు ఉంటే ఎంత అని అంకె వేయండి. గీజరు, ఫ్యాన్లు, చిమ్నీ జాబితా, కరెంటు మీటరు రీడింగు ఫోటో జతచేయండి. ఆధార్ నకలు తీసుకుని వివరాలు స్థానిక పోలీస్ స్టేషన్లో ఇవ్వండి.

అద్దె ఆగితే కరెంటు తీసేయడం, తాళం వేయడం చేయకండి, కేసు మీ మీదికే వస్తుంది. అగ్రిమెంటులో గడువు లేకపోతే నెలవారీ అద్దెకు చట్టప్రకారం 15 రోజుల నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టు. కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుంది కాబట్టి రెండో నెల అద్దె రాకపోగానే మాట్లాడి, అడ్వాన్సు అయిపోకముందే ఖాళీ చేయించడం మేలు. అద్దెను రిటర్నులో చూపించకుండా ఉండొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కావాలంటే కిరాయిదారు తన ఆఫీసులో మీ పాన్ నంబరు ఇవ్వాల్సిందే. మీ అద్దె ఏడాదికి 2.16 లక్షలు.